తుమ్మే గిటారు

ఒక ఇనుప డబ్బాను చూసి నేను కుళ్ళుకున్నాను. మనిషిని చూసి కుళ్ళుకోవడం అందరూ చేసేదే. డబ్బాను చూసి కుళ్ళుకున్నవాణ్ణి మా బాన్సువాడలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ డబ్బా చెప్పుల జతంత ఉండేది. దాన్ని కాలితో తొక్కితే గిటారు గొంతు మారిపోయేది. దాన్ని పెడల్ అంటారు. ఇప్పుడు గిటారు నేర్చుకుంటున్న మీకు ఇదేం వింత కాదు, అలాంటి గొంతులన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయట. మాకు మాత్రం ఆ డబ్బా వచ్చేదాకా ఒక్కో గొంతు కోసం ఒక్కో జన్మ పట్టేది. నాది అలా పట్టిన జన్మే, అందుకే ఆ మంట ఇంకా చల్లారలేదు.

నేను ఆర్కెస్ట్రా పార్టీలో లీడ్ గిటారిస్టుగా పనిచేశాను. "గది గూడ ఒక నౌకరీనా?" అని మా మామ పెళ్ళయిన కొత్తలో అడిగాడు. ఆయన పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. మాది బీర్కూర్ పక్కన వరి వేసే కుటుంబం. మా అన్నలు కాలువ నీళ్ళ కోసం పక్క పొలం వాళ్ళతో పోట్లాడుకుంటుంటే, నేను బస్సెక్కి బాన్సువాడ వచ్చి గిటారు మెడలో వేసుకున్నాను. జీతం అంటూ లేకపోయినా, పెళ్ళిళ్ళు, వినాయక చవితి, ఆఫీసుల ఫంక్షన్లు అన్నీ కలిసి ఇల్లు గడిచేది.

పార్టీ ఓనర్‌ని మాస్టర్ అనేవాళ్ళం. నలుగురు పెద్ద గాయకుల గొంతుల్లో అచ్చంగా పాడేవాడు. తన గొంతు ఏదో ఆయనకే గుర్తులేదు. కీబోర్డు వాయించే ఆయన ఒకరు, డప్పులన్నీ ఒక్క ప్యాడ్ మీదే మోగించే ఆయన ఒకరు. బస్టాండు దగ్గర సైకిల్ షాపు పైన కిరాయి గదిలో ప్రాక్టీసు. పాట మధ్యలో గాయకుడు ఊపిరి తీసుకునేటప్పుడు వచ్చే గిటారు ముక్క ఉంటుంది చూడండి, అది నాది. పల్లవి ఎవరు పాడినా ఫికర్ లేదు, ఆ ముక్క దగ్గర జనం తలలు తిరిగేది నా వైపు. నేను బతికింది ఆ ముక్క కోసమే.

తొంభైల మొదట్లో పాటలు ఎక్కించుకోవడానికి మేం వాడేసిన కేసెట్లు కొనేవాళ్ళం. వాటి మీద ఉన్నది చెరిపేసి మా పాటలు ఎక్కించుకోవాలి. అలా నిజామాబాద్‌లో కొన్న కేసెట్లలో ఒకదాని మీద పేరు చింపేసి ఉంది. చెరిపేముందు ఏముందో చూద్దామని పెట్టాను. ఇంగ్లిషు పాట. పాట నాకేం అర్థం కాలేదు, కానీ మధ్యలో గిటారు వచ్చింది. గొంతు బొంగురుపోయినవాడు కోపంగా ఏడుస్తున్నట్టు ఉంది. గిటారు అలా ఏడవగలదని నాకప్పటిదాకా తెలియదు. ఆ కేసెట్ చెరపలేదు. ఆ బొంగురు నా గిటారుకి రావాలని ఆ రోజే పట్టుబట్టాను.

మీకైతే నెట్లో చెప్పేవాళ్ళున్నారు. నాకు మైక్ సెట్ ఆంప్లిఫైయర్ తప్ప దిక్కులేదు. దాని వాల్యూమ్ పూర్తిగా తిప్పితే కొంచెం గరగర వచ్చేది, దాంతోపాటు మాస్టర్ తిట్లు కూడా వచ్చేవి. చివరికి సొంతంగా ఒక చెక్కపెట్టెలో చిన్న ఆంప్లిఫైయర్, పాత స్పీకర్ బిగించుకుని, దాని ముందు ఒక మైకు పెట్టి వాయించడం మొదలుపెట్టాను. ఒకసారి పిట్లం రోడ్డు మీద ఆ పెట్టె జీపులోంచి జారి కిందపడింది. స్పీకర్ లోపలుండే కాగితం గిన్నె చిరిగింది. గమ్ టేపు అంటించాను, మూగదైంది. అన్నం మెతుకులతో కాగితం అంటించాను, ఎలుక వచ్చి తిన్నది.

ఒక పొద్దున తల దువ్వుకుంటుంటే అద్దం మీద మా ఆమె బొట్టుబిళ్ళలు కనబడ్డాయి. మీ ఇళ్ళలోనూ చూసే ఉంటారు. ఆడవాళ్ళు మొహం కడుక్కునేముందు నుదుటి మీద స్టిక్కర్ తీసి అద్దానికి అంటిస్తారు, మళ్ళీ పెట్టుకుందామని. మళ్ళీ పెట్టుకోరు, అవి అక్కడే పోగవుతాయి. ఒకటి ఊడబీకి స్పీకర్ చిరుగు మీద అంటించాను. గిటారు తగిలించి ఒక్క తీగ మీటాను.

ఆ బొంగురు వచ్చింది. కేసెట్లో ఏడ్చినవాడు నా గదిలోకి వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. అయితే స్వరం అయిపోయే చోట, సగం జిగురున్న ఆ బిళ్ళ కాగితానికి టపటప కొట్టుకుని ఠక్కున అంటుకుపోయేది. దాంతో గిటారు అచ్చంగా తుమ్మినట్టు వినబడేది. కొత్త బిళ్ళ పెట్టి చూశాను. జిగురు గట్టిగా పట్టేసి తుమ్ముతోపాటు బొంగురు కూడా పోయింది. అద్దం మీదివే కావాలి, ఆ తుమ్ము భరించాల్సిందే.

భరించాను, కానీ సిగ్గుపడుతూ భరించాను. ఒక స్వరం ముగిసేలోపే ఇంకోటి మీటి తుమ్మును దాచేవాణ్ణి. దాచలేని చోట తుమ్మేసేది. ఒక పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్న పెద్దాయన "గిటారుకు సర్ది అయింది బిడ్డా, దవాఖానకు తీస్కపో" అన్నాడు. పెళ్ళివాళ్ళంతా నవ్వారు. పైగా పెట్టెలో ఉన్నది పెళ్ళాం బొట్టుబిళ్ళ అని తెలిస్తే నా ఇజ్జత్ ఏం కావాలి? మా ఆమెకు మాత్రం దొరికిపోయాను. "అద్దం మీది బిళ్ళలు ఎవలు తింటున్రో అనుకున్న" అని నవ్వింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, పెట్టె మీద ఎప్పుడూ ఒక దుప్పటి ముక్క కప్పేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటాక ఒకడు వచ్చాడు.

పిట్లం అవతల తండా వాడు. వాళ్ళమ్మానాన్న బొంబాయిలో బిల్డింగు పనులకు పోతే వెంటపోయి, అక్కడే గిటారు నేర్చుకుని తిరిగొచ్చాడు. ఇంట్లో వాళ్ళ భాష, మాతో తెలుగు, కోపమొస్తే మరాఠీ. సన్నగా, నవ్వుమొహంతో ఉండేవాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు. మాస్టర్ గదికి వచ్చి భుజాన ఉన్న సంచిలోంచి ఆ ఇనుప డబ్బా తీసి నేల మీద పెట్టి, చెప్పులు విప్పి, బొటనవేలితో తొక్కాడు. గిటారు గంటలా మోగింది. ఇంకోసారి తొక్కాడు, నీళ్ళలోంచి మాట్లాడినట్టు వచ్చింది.

"గీ డబ్బల పాత ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ల గిటార్లన్ని ఉన్నయన్నా. డెబ్బైలల్ల వాయించిన పెద్దపెద్దోళ్ళయి" అని నా వైపు చూసి చెప్పాడు.

తర్వాత ఇంకోసారి తొక్కాడు. నా కేసెట్లోవాడు ఏడ్చాడు.

ఆ బొంగురు, ఆ కోపం, ఆ ఏడుపు తూకం వేసినట్టు అచ్చంగా వచ్చాయి. తుమ్ము లేదు. నేను జీపుల వెనకాల పెట్టె మోసుకుని, ఎలుకలతో పోట్లాడి, పెళ్ళాం అద్దం ముందు దొంగలా నిలబడి సగం సంపాదించుకున్నదాన్ని వాడు బొటనవేలితో పూర్తిగా తెచ్చాడు. కీబోర్డాయన నోరు తెరిచి "వారెవ్వా" అన్నాడు. నేను పెట్టె తుమ్మించిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను ఒక్కసారి కూడా వారెవ్వా అనలేదు.

వాడు పార్టీలో చేరాడు. ముందు నా పక్కన రిథమ్ గిటారు, అంటే పాట కింద చప్పుడు నింపే పని. కానీ అందరికీ తెలుసు, వాడు రిథమ్‌కి వచ్చినవాడు కాదు. అప్పట్నుంచి నా పగలంతా ఒకటే పని, వాణ్ణి గమనించడం. హోటల్లో చాయ్ తాగుతుంటే జనం వాడి దగ్గరికి వచ్చి "తమ్మీ, గా డబ్బ ఒక్కసారి చూపియ్యవా?" అనేవాళ్ళు. మాస్టర్ వాణ్ణి జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవాడు. ఆ సీటు నాది. నేను వెనక నా పెట్టెను పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం వాడు అన్నానికి పోయినప్పుడు డబ్బా దగ్గరికి పోయాను. నా గిటారు తగిలించి బొటనవేలితో తొక్కాను. ఎక్కడ తొక్కానో ఏమో, కుక్క తోక తొక్కినట్టు అరిచింది. కింద సైకిల్ షాపు వాళ్ళు ఏమైందోనని పైకి పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు పోయాక మళ్ళీ తొక్కుతూ పోతే కేసెట్ గొంతు దొరికింది. నా చేతులు, నా గిటారు, మచ్చలేని ఆ గొంతు. ఆనందం కలగాలి కదా? నాకు ఏడుపొచ్చింది. ఇదే ముందు దొరికి ఉంటే నేను ఎవరినయ్యేవాణ్ణో అనిపించింది. గిటారు తీసేసి దూరంగా పోయి కూర్చున్నాను.

అన్నిటికంటే నన్ను మండించింది వాడి మర్యాద. "అన్నా, నీ పెట్టె ఒక్కపారి దగ్గరికెళ్ళి సూడొచ్చా?" అని వారానికోసారి అడిగేవాడు.

"నీ డబ్బల దునియా మొత్తం ఉన్నది గద. గీ పాత పెట్టెల ఏముంటది?" అనేవాణ్ణి.

"ఉన్నదన్నా" అని నవ్వేవాడు. దుప్పటి ఇంకొంచెం కిందికి లాగేవాణ్ణి. ఉన్న ఒక్కటీ దోచుకుంటాడని నా భయం.

మా ఇంటికి కూడా వచ్చేవాడు. మా ఆమె వాడికి జొన్నరొట్టె పెట్టేది. "పొలగాడు మంచోడు. తిన్న గిన్నె కడిగి పెట్టిపోయిండు. నువ్వెన్నడన్న కడిగినవా?" అంది. డబ్బా అయిపోయింది, ఇక గిన్నెల్లో కూడా వాడితో పోటీ పడాలని నాకు అర్థమైంది.

మాస్టర్ చివరికి మాట తెచ్చాడు. దగ్గర్లో ఉన్న చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు సీజన్ అయిపోయాక పనివాళ్ళకి, కుటుంబాలకి పండగలాంటి ఫంక్షన్ ఉంటుంది. భోజనాలయ్యాక మధ్యాహ్నం నుంచి మా ప్రోగ్రాం. "ఒక్క పార్టీకి ఇద్దరు లీడ్‌లు ఎందుకు తమ్మీ? ఫ్యాక్టరీల ఇద్దరు చెరొక పాటకు వాయించుండ్రి. జనం ఎవల దిక్కు తిరిగితే వాడు లీడ్, ఇంకోడు రిథమ్" అన్నాడు. నాతో అంటూ నా కళ్ళలోకి చూడలేదు. ఆయన మనసులో ఇదివరకే తేల్చుకున్నాడు, నా పరువు పోకుండా ఒక ఫంక్షన్ అడ్డం పెట్టుకున్నాడంతే. రిథమ్ అంటే జనం తల తిప్పి చూడని చోటు. నేను అక్కడ నిలబడితే మా మామ ప్రశ్నకి జవాబు లేనట్టే.

ఆ పొద్దున అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఉన్న బిళ్ళల్లో అంచు కొంచెం లేచిన ఎర్రదాన్ని ఎంచుకున్నాను. మా ఆమె కూడా వస్తానంది. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళ చిన్నాయన పిలిచాడట.

షామియానా కింద ఎండకి జనం కిక్కిరిసి ఉన్నారు. బెల్లం వాసన, చెరుకు పిప్పి వాసన. ముందు వరసలో ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన ఇంజనీరు కూర్చున్నాడు. పుణే వైపు మనిషి, కాలేజీలో గిటారు వాయించేవాడని మాస్టర్ ముందే చెప్పాడు. నా పాట మొదట వచ్చింది. మధ్య ముక్క బాగానే వాయించాను. ఒక్క తుమ్ము కూడా బయటికి రానీయలేదు. ఒక స్వరం మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి, ఊపిరాడకుండా పేర్చుకుంటూ పోయాను. చప్పట్లు వచ్చాయి. ఇంజనీరు తల ఊపాడు. సరే, గట్టెక్కాను అనుకున్నాను.

తర్వాత వాడు. తన పాటలో డబ్బా తొక్కి గంట మోగించాడు, నీళ్ళ గొంతు తెచ్చాడు, కేసెట్ గొంతు తెచ్చాడు. ఇంజనీరు కుర్చీలో ముందుకి జరిగాడు, గుర్తుపట్టినట్టు నవ్వాడు. నేను బాన్సువాడలో ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఆ గొంతును గుర్తుపట్టగలిగిన ఒకే ఒక్క మనిషి, నా పాటకి కాక వాడి పాటకి నవ్వాడు. నా కళ్ళు మండాయి.

అప్పుడు వాడు చివరిసారి తొక్కాడు. నేనెప్పుడూ వినని గొంతు. కాదు, రోజూ వినే గొంతు. బొంగురుగా పైకి లేచి, స్వరం అయిపోయే చోట, గిటారు తుమ్మింది.

పిల్లలు పకపకా నవ్వారు. వాడు ఇంకోసారి తుమ్మించాడు. నలుగురిలో నన్ను వెక్కిరిస్తున్నాడు. ఇన్నాళ్ళ నవ్వుమొహం, అన్నా అన్నా అనడం, పెట్టె చూస్తానని తిరగడం, అంతా ఇందుకన్నమాట. పాట అయ్యి వాడు స్టేజీ దిగి వెనక్కి రాగానే చొక్కా పట్టుకున్నాను.

"ఏందిరా? నా ఇజ్జత్ తీసెటందుకే బొంబాయి నుంచి వచ్చినవా? నా స్పీకర్ చినిగితే నువ్వు ఎక్కిరిస్తవా?"

వాడు తెల్లబోయాడు. "ఎక్కిరిచ్చుడు ఏందన్నా? గది నీదే గద!"

మాస్టర్ పరుగున వచ్చాడు. వెనకే ఇంజనీరు కూడా వచ్చాడు, కానీ గొడవ ఆపడానికి కాదు. "చివరి సౌండ్ ఏ బ్యాండ్‌ది? మిగతావన్నీ నాకు తెలుసు. ఇది ఎక్కడా వినలేదు" అని హిందీలో అడిగాడు. నేను ఇంకా చొక్కా వదల్లేదు.

"బ్యాండ్‌ది కాదు సార్, గీ అన్నది" అన్నాడు వాడు. తర్వాత నాతో చెప్పడం మొదలుపెట్టాడు. "మా తండల మా అక్క పెండ్లికి నువ్వొచ్చినవ్ యాదున్నదా అన్నా? నీకెట్ల యాదుంటది. నీ గిటారు తుమ్మింది. మేం పోరలమందరం నవ్వినం. మల్లెప్పుడు తుమ్ముతదా అని ముందట్నే కూసున్నం. గప్పుడే అనుకున్న, నేర్చుకుంటే గీ గిటారే నేర్చుకోవాలె అని. బొంబాయిల ఎంతమందినో విన్న. ఎవ్వని గిటారు తుమ్మలె. గీ డబ్బ కొన్నదే గందుకు. మిగిలినయన్ని దాంట్ల వచ్చినయే. గిదొక్కటి నేను సొంతం చేసుకున్న, రెండేండ్లు తిప్పితిప్పి. అయినా సక్కగ రాలే. నాది మిషన్ తుమ్మినట్లున్నది. నీది మనిషి తుమ్మినట్లుంటది."

చొక్కా నా చేతిలోంచి జారింది. నా కుళ్ళుకి కాళ్ళు విరిగినట్టయింది. నేను దాచుకున్న తప్పును వీడు డబ్బాలో పెట్టుకుని ఊళ్ళు తిరిగాడా? నేను కేసెట్లోవాడి కోసం ఏడ్చినట్టు, వీడు నా కోసమా?

"గది ఎట్ల తెస్తవన్నా? పెట్టెల ఏమున్నది?" అని అడిగాడు.

నేను నోరు తెరవకముందే వెనకనుంచి మా ఆమె గొంతు వినబడింది. గొడవ చూసి వచ్చింది. "ఏమున్నది తమ్మీ, నా బొట్టుబిళ్ళ" అంది. ఒట్టు, గిట్టు ఏమీ లేదు. స్టేజీ వెనక దించిపెట్టిన నా పెట్టె దగ్గరికి పోయి దుప్పటి లాగేసి అందరికీ చూపించింది. మాస్టర్ నవ్వాడు, కీబోర్డాయన నేల మీద కూర్చుని నవ్వాడు, ఇంజనీరుకి అర్థమయ్యాక ఆయనా నవ్వాడు. వాడొక్కడు నవ్వలేదు. గుళ్ళో తొంగిచూసినట్టు స్పీకర్లోకి చూస్తున్నాడు.

"గీ పాతదెందుకు, ఆగు" అని మా ఆమె ఆ బిళ్ళ ఊడబీకి, అలవాటు కొద్దీ పెట్టె చెక్కకి అంటించి, చేతిసంచిలోంచి కొత్త బిళ్ళల అట్ట తీసి ఒకటి స్పీకర్ చిరుగు మీద నొక్కింది. "ఇగ వాయించు" అంది. వాడు తన గిటారు నా పెట్టెకి తగిలించి మీటాడు.

తుమ్మలేదు. బొంగురు కూడా లేదు. ఇంకోసారి మీటాడు. చెక్కపెట్టె చెక్కపెట్టెలాగే పలికింది.

"ఏమైంది తమ్మీ, వస్తలేదా?" అన్నాడు మాస్టర్. "గట్లయితే ఇగ తేలింది. తుమ్ము ఎవలకొస్తే వాడే లీడ్" అని సరదాగా అన్నాడు. సరదాగా అన్నా అన్నాడు. వాడు నా వైపు చూశాడు. నాకు తెలుసు ఎందుకు రావట్లేదో. ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. ఊరుకుంటే చాలు, లీడ్ నాది, జీపులో ముందు సీటు నాది. ఆ తుమ్మును తేవడం ఏ డబ్బా వల్లా కాదు.

నేను చెప్పింది మంచితనంతో అనుకోకండి. నిజం చెప్తాను, గొప్ప కోసం చెప్పాను. ఇన్నేళ్ళు సిగ్గుపడి దుప్పటి కప్పినదాన్ని ఒకడు అడిగాడు, అదీ ఇంజనీరు ముందు. చెప్పకపోతే అది ఎంత గమ్మత్తైన పనో ఎవరికి తెలుస్తుంది? నోరు ఊరుకోలేదు.

"కొత్తది పనికిరాదురా. జిగురు సచ్చినది గావాలె. అద్దం మీదిది. గా చెక్కకు అంటిచ్చిన ఎర్రది తీస్కో. అంచు లేచిన దిక్కు పైకి పెట్టు. నొక్కకు, ఊరికె ఆనిచ్చు."

వాడు బొటనవేలితో కాదు, చూపుడువేలితో, పసిపిల్ల నుదుట పెట్టినట్టు ఆనించాడు. మాస్టర్ ఉత్సాహంగా పెట్టెను స్టేజీ ఎక్కించి, ముందు మైకు పెట్టించి ఇంకో పాట ఎత్తుకున్నాడు. మధ్య ముక్క వచ్చింది. వాడు నా పెట్టె మీద వాయించాడు.

అక్కడ నేను ఓడిపోయాను. నేను తుమ్మును తప్పు అనుకుని స్వరం మీద స్వరం పేర్చి దాచేవాణ్ణి కదా. వాడు దాచలేదు. ఒక స్వరం లేపి, ఆగాడు. ఖాళీ వదిలాడు. ప్యాడ్ మీద దెబ్బ పడే చోట సరిగ్గా గిటారు తుమ్మింది. మళ్ళీ లేపాడు, ఆగాడు, దెబ్బ మీద తుమ్మింది. షామియానా అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ముసలివాళ్ళు కూడా తలలు తిప్పారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా ఆమె.

పెట్టె నాది, తుమ్ము నాది, ఆగడం మాత్రం వాడిది. అన్నేళ్ళలో ఒక్కసారైనా ఆగి చూడాలని నాకెందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు. మాస్టర్ ఏమీ అనాల్సిన అవసరం రాలేదు. తర్వాతి పాటకి నేనే పోయి రిథమ్ వైపు నిలబడ్డాను. వాడు చేయి పట్టుకుని "వద్దన్నా" అన్నాడు. "ఎక్కువ చేయకు, వాయించు" అన్నాను. వాడు అలా వద్దనడం కూడా నాకు కుళ్ళే. ఓడించినవాడు కొంచెం పొగరుగా ఉంటే ఓడినవాడికి ఎంత హాయి!

ఆ తర్వాత ప్రోగ్రాం ఉన్న రోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చేవాడు. "వదినా, అద్దం మీదిది ఒకటి" అని గుమ్మం దగ్గరే అడిగేవాడు. మా ఆమె ఏ రంగుకి ఎక్కువ తుమ్ముతుందో వాడితో చర్చించేది. మంచివన్నీ వాడికే ఏరిపెట్టేది. నేను అద్దం ముందు నిలబడితే "గవి ముట్టకు, తమ్ముని కోసం పెట్టిన" అనేది. రిథమ్ గిటారుకి బిళ్ళతో పనేముంది, నిజమే. కానీ అద్దం నేను కొన్నది.

కొన్నేళ్ళకి వాడు హైదరాబాద్ పోయాడు, రికార్డింగులకి. పోయేముందు నా పెట్టె అడిగాడు. ఇవ్వలేదు. ప్రాణం ఒప్పలేదు. తనే ఒక పెట్టె చేయించుకుంటానన్నాడు. మా ఆమె వాడికి వాడిన బిళ్ళలు ఒక అట్టకి వరసగా అంటించి, చపాతీలతో పాటు కట్టి ఇచ్చింది. నేను మళ్ళీ లీడ్‌కి వచ్చాను. ఆగి వాయించడం మొదలుపెట్టాను, తుమ్మించాను. జనం నవ్వారు. "గా హైదరాబాద్ పోయిన పొలగాని లెక్కనే వాయించబట్టె" అన్నారు. ఏం చెప్పమంటారు మీరు?

పార్టీ మూతపడి, నేను గిటారు గోడకి తగిలించాక ఒక పొద్దున క్షౌరానికి పోయాను. మొహమంతా సబ్బు నురుగు. షాపు రేడియోలో ఏదో సినిమా పాట వస్తోంది. మధ్యలో గాయకుడు ఊపిరి తీసుకున్నాడు. గిటారు బొంగురుగా లేచింది, ఆగింది, తుమ్మింది. నేను కుర్చీలో అదిరిపడ్డాను. గడ్డం గీసేవాడు కత్తి వెనక్కి తీసి "గిటారుకు ఏమైందన్నా, తుమ్ముతున్నది? మంచిగున్నది గని" అన్నాడు. పక్క కుర్చీలో ఆయన కూడా నవ్వాడు. నేను నాది అని చెప్పడానికి నోరు తెరిచాను. నా మొత్తం ఉద్యోగంలో చెప్పుకోవాల్సిన ముక్క అదొక్కటే.

"మావోడు" అని వచ్చింది నోట్లోంచి. ఎలా వచ్చిందో నాకు తెలియదు. నురుగు కింద మొహం వేడెక్కింది. పాట అయిపోయేదాకా ఎవరినీ మాట్లాడనీయలేదు.

ఇంటికి పోయి మా ఆమెకు చెప్పాను. ఆమె గోరుచిక్కుడు తుంచుతోంది. తుమ్ము నాదని, అయినా మావోడు అన్నానని, నా మనసు ఎంత పెద్దదో చూడమని చెప్పాను. ఆమె ఒక కాయ తుంచి గిన్నెలో వేసింది.

"గిటారు వానిది. పెట్టె నీది. సరే" అంది. "బొట్టు ఎవలది?"

ఇక అప్పట్నుంచి ఆమెను చూసి కుళ్ళుకుంటున్నాను.